ఫోన్ ఇంటర్నెట్‌ను కంప్యూటర్‌కు, ట్యాబ్‌కు ఇవ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రీపెయిడ్ సిమ్‌లోని రోజువారీ డేటాతోనే ల్యాప్‌టాప్‌నో, డెస్క్‌టాప్‌నో, పిల్లల ట్యాబ్‌నో నడుపుకొనేవారిని దృష్టిలో పెట్టుకొని ఈ సమాధానాలు రాశాము. ఫోన్ కంపెనీని బట్టి మెనూల పేర్లు కొంత మారుతాయి. ఇక్కడ చెప్పిన పేరు మీ ఫోన్‌లో కనిపించకపోతే, సెట్టింగ్స్ పైభాగంలోని సెర్చ్ బాక్స్‌లో 'హాట్‌స్పాట్' అని టైప్ చేస్తే దాదాపు ప్రతి ఫోన్‌లోనూ నేరుగా ఆ పేజీకే వెళ్లవచ్చు.

ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఇవ్వడానికి ఎన్ని మార్గాలు ఉన్నాయి? ఏది మంచిది?

మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది వైఫై హాట్‌స్పాట్. ఇందులో ఫోన్ ఒక చిన్న రౌటర్‌గా పనిచేస్తుంది, ఒకేసారి నాలుగైదు పరికరాలను కలుపుకోవచ్చు. రెండోది యూఎస్‌బీ టెథరింగ్. ఫోన్‌ను కేబుల్‌తో ఒక్క కంప్యూటర్‌కు కలుపుతారు. మూడోది బ్లూటూత్ టెథరింగ్. బ్యాటరీ తక్కువ ఖర్చవుతుంది కానీ వేగం మరీ తక్కువ కాబట్టి మెయిల్ చూసుకోవడానికి తప్ప పనికిరాదు.

ట్యాబ్‌కైతే వైఫై హాట్‌స్పాట్ తప్ప వేరే ఆలోచన అక్కరలేదు. బల్ల మీద ఒకచోట కూర్చుని గంటల తరబడి చేసే కంప్యూటర్ పనికి మాత్రం కేబులే మేలని మా అభిప్రాయం. కనెక్షన్ తెగదు, ఫోన్ చార్జ్ అవుతూ ఉంటుంది, పాస్‌వర్డ్ గొడవ ఉండదు. చాలామంది కేబుల్‌ను పాతకాలపు పద్ధతి అనుకొని పక్కన పెట్టేస్తారు గానీ, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉన్న రోజున దానికి మించిన నమ్మకమైన మార్గం లేదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో హాట్‌స్పాట్‌ను ఎలా ఆన్ చేయాలి?

సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లోకి, అక్కడి నుంచి 'హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్'లోకి వెళ్లాలి. శాంసంగ్ ఫోన్లలో ఇదే 'కనెక్షన్స్' కింద 'మొబైల్ హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్' అన్న పేరుతో ఉంటుంది. మొదటిసారి ఆన్ చేసే ముందే హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ మార్చుకోవడం మంచిది. ఆండ్రాయిడ్ 10, ఆ తరువాతి వెర్షన్లు ఉన్న చాలా ఫోన్లలో అదే పేజీలో క్యూఆర్ కోడ్ చూపే బటన్ ఉంటుంది. ట్యాబ్ కెమెరాను దానికి చూపిస్తే పాస్‌వర్డ్ టైప్ చేయనక్కరలేదు. ఈ సౌకర్యం 2010లో విడుదలైన ఆండ్రాయిడ్ 2.2 నుంచే ఉంది కాబట్టి, మీ ఫోన్ ఎంత పాతదైనా అందులో ఉండే తీరుతుందని అనుకోవచ్చు.

ఐఫోన్‌లో?

సెట్టింగ్స్‌లో 'పర్సనల్ హాట్‌స్పాట్'ను తెరిచి 'అలవ్ అదర్స్ టు జాయిన్'ను ఆన్ చేయాలి. హాట్‌స్పాట్‌కు విడిగా పేరు పెట్టే వీలు ఉండదు. 'జనరల్', 'అబౌట్'లలో ఫోన్‌కు ఉన్న పేరే అవతలి పరికరంలో కనిపిస్తుంది. ఎదుటి పరికరం కనెక్ట్ అయ్యేదాకా పర్సనల్ హాట్‌స్పాట్ పేజీని మూసేయకుండా ఉంచండి. ఆ పేజీ మూసేసి కాసేపైతే ఐఫోన్ పేరు వైఫై జాబితాలోంచి మాయమైపోతూ ఉంటుంది, అది చూసి ఫోన్ పాడైందని అనుకొనేవారు చాలామంది. అదే ఆపిల్ ఖాతా వాడుతున్న ఐప్యాడ్, మ్యాక్‌లకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. అవి పాస్‌వర్డ్ అడగకుండానే కలుస్తాయి.

హాట్‌స్పాట్ వాడితే అదనంగా డబ్బు పడుతుందా?

భారతదేశంలోని మామూలు ప్రీపెయిడ్ ప్లాన్లలో పడదు. ల్యాప్‌టాప్ వాడిన డేటా కూడా మీ రోజువారీ 1.5 జీబీ లేదా 2 జీబీ కోటాలోంచే పోతుంది, అంతే.

5జీ సంగతి కొంచెం వేరు. 2024 జూలైలో టారిఫ్‌లు మారినప్పటి నుంచి జియో, ఎయిర్‌టెల్ అపరిమిత 5జీ సౌకర్యాన్ని ప్రధానంగా రోజుకు 2 జీబీ, అంతకు మించి డేటా ఇచ్చే ప్లాన్లకే పరిమితం చేశాయి. అలాంటి ప్లాన్ ఉండి, ఫోన్ నిజంగా 5జీ సిగ్నల్ మీద ఉన్నంతసేపు హాట్‌స్పాట్ వాడకం రోజువారీ కోటాను తినదు. అయితే ఇంట్లో ఒక గదిలో 5జీ, మరో గదిలో 4జీ వచ్చే చోట్ల ఫోన్ మీకు చెప్పకుండానే 4జీకి దిగిపోతుంది, ఆ క్షణం నుంచి కోటా కరగడం మొదలవుతుంది. పైగా ఈ అపరిమిత సౌకర్యం వ్యక్తిగత వాడకానికే అని నిబంధనల్లో ఉంటుంది. దుకాణంలోని కంప్యూటర్లన్నింటినీ ఒక్క సిమ్ మీద నడపడం దాని కిందికి రాదు.

ఫోన్‌లో రోజంతా వాడినా అయిపోని 2 జీబీ, ల్యాప్‌టాప్‌కు ఇవ్వగానే గంటలోపే ఎందుకు అయిపోతోంది?

మాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. హాట్‌స్పాట్ డేటాను ఎక్కువగా తింటుందన్న మాట నిజం కాదు, తినేది ల్యాప్‌టాప్. ఫోన్‌కు తాను మొబైల్ డేటా మీద ఉన్నానని తెలుసు కాబట్టి ఫొటోల బ్యాకప్‌నూ, యాప్ అప్‌డేట్లనూ వైఫై దొరికేదాకా ఆపి ఉంచుతుంది. ల్యాప్‌టాప్‌కు కనిపించేది మాత్రం వైఫై ఒక్కటే. ఆ వైఫై వెనుక ఉన్నది గోడలోని ఫైబర్ తీగో, జేబులోని ఫోనో దానికి పట్టదు. అందుకే అత్తవారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా అడ్డూ అదుపూ లేకుండా వడ్డించమంటుంది.

ఇలా మీరు అడగకుండానే జరిగే పనుల్లో మొదటిది విండోస్ అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లను విడుదల చేస్తుంది. కాలమాన భేదం వల్ల అవి మనకు ఆ రాత్రి బాగా పొద్దుపోయాక అందుతాయి. కాబట్టి బుధవారం ఉదయం ల్యాప్‌టాప్ తెరిచి హాట్‌స్పాట్‌కు కలిపితే, మీరు బ్రౌజర్ తెరిచేలోపే వందల ఎంబీల డౌన్‌లోడ్ మొదలై ఉండవచ్చు. రెండోది వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటివి ఫైళ్లను సింక్ చేయడం. పెళ్లి ఫొటోలున్న ఫోల్డర్‌ను ఒక్కసారి డెస్క్‌టాప్ మీదికి కాపీ చేస్తే, అది మొత్తం తనంతట తాను పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. అప్‌లోడ్ కూడా డేటా కిందికే వస్తుందన్న సంగతి చాలామందికి గుర్తుండదు. మూడోది ఆటల లాంచర్లు, అంటే కంప్యూటర్ ఆటలను దించి నడిపే ప్రోగ్రామ్‌లు. వీటి అప్‌డేట్లు ఒక్కొక్కటి పదుల జీబీలు ఉంటాయి.

ఇక మీరు కోరి చూసే వీడియోలు. యూట్యూబ్ నాణ్యత 'ఆటో'లో ఉంటే తెర పెద్దదైనకొద్దీ, వేగం దొరికినకొద్దీ నాణ్యతను పెంచుకుంటూ పోతుంది. చేతిలోని ఫోన్‌లో 480పీతో సరిపెట్టుకొనే అదే వీడియో ల్యాప్‌టాప్‌లో 1080పీకి వెళ్తుంది. నెట్‌ఫ్లిక్స్ ఇచ్చే లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా ఖర్చవుతుంది. జూమ్‌లో వీడియో పెట్టుకొని గ్రూప్ మీటింగ్‌లో కూర్చుంటే నాణ్యతను బట్టి గంటకు సుమారు 800 ఎంబీ నుంచి 2.4 జీబీ దాకా పోతుంది. కెమెరా ఆపేసి మాటలు మాత్రమే వింటే అందులో చాలా చిన్న భాగంతో సరిపోతుంది.

మరి ల్యాప్‌టాప్‌ను అదుపులో పెట్టేదెలా?

అది పరిమిత డేటా మీద ఉందని దానికి చెప్పాలి. విండోస్ 10, 11లలో హాట్‌స్పాట్‌కు కనెక్ట్ అయి ఉన్నప్పుడే సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్', 'వైఫై', ఆపైన ఆ కనెక్షన్ 'ప్రాపర్టీస్' తెరిచి 'మీటర్డ్ కనెక్షన్'ను ఆన్ చేయండి. ఇక మీదట విండోస్ చాలా అప్‌డేట్లను మీ అనుమతి లేకుండా దించుకోదు, వన్‌డ్రైవ్ కూడా సింక్‌ను ఆపి మీకు ఒక నోటీసు చూపిస్తుంది. గూగుల్ డ్రైవ్, గేమ్ లాంచర్ల వంటి వాటిని మాత్రం గడియారం పక్కనుండే వాటి గుర్తు మీద నొక్కి మీరే పాజ్ చేయాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. విండోస్ ఈ మీటర్డ్ సెట్టింగ్‌ను హాట్‌స్పాట్ పేరుతో కలిపి దాచుకుంటుంది. మీరు హాట్‌స్పాట్ పేరు మార్చినా, వేరే హాట్‌స్పాట్ పేరున్న ఫోన్‌కు మారినా విండోస్‌కు అది కొత్త నెట్‌వర్కే; మళ్లీ ఆన్ చేయాలి. కేబుల్ ద్వారా కలిపినప్పుడు అది వైఫై కింద కాకుండా 'ఈథర్‌నెట్' కింద కనిపిస్తుంది కాబట్టి అక్కడ కూడా విడిగా పెట్టుకోవాలి.

మ్యాక్‌లోనూ ఐప్యాడ్‌లోనూ దీనికి 'లో డేటా మోడ్' అని పేరు. ఐప్యాడ్‌లో వైఫై పేరు పక్కనున్న ఇంగ్లీషు 'i' గుర్తును నొక్కితే అది కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో వైఫై పేరును తెరిచి 'నెట్‌వర్క్ యూసేజ్'లో 'ట్రీట్ యాజ్ మీటర్డ్' ఎంచుకోవాలి. ఒక ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్‌ను మరో ఆండ్రాయిడ్ పరికరం తరచుగా తనంతట గుర్తుపడుతుంది గానీ, దాని మీదే భారం వేయకుండా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఏ పరికరం ఎంత డేటా వాడిందో తెలుసుకోవచ్చా?

ఐఫోన్‌లో 'మొబైల్ డేటా' పేజీలో 'పర్సనల్ హాట్‌స్పాట్'ను నొక్కితే పరికరాల వారీగా లెక్క కనిపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా వాడకం జాబితాలో టెథరింగ్ మొత్తానికి కలిపి ఒకే వరుస ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామ్ తింటోందో చూడాలంటే విండోస్ 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్' సెట్టింగ్స్‌లోని 'డేటా యూసేజ్' చూడండి. అపరాధి సాధారణంగా మొదటి మూడు వరుసల్లోనే దొరుకుతుంది.

కోటా అయిపోయాక నెట్ ఉన్నట్టే చూపిస్తోంది, కానీ పేజీలు తెరుచుకోవడం లేదు. ఎందుకు?

కోటా ముగిశాక చాలా ప్లాన్లలో కనెక్షన్‌ను ఆపరు, వేగాన్ని 64 కేబీపీఎస్‌కు తగ్గిస్తారు. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఆ వేగంతో 5 ఎంబీ పీడీఎఫ్ దిగాలంటే పది నిమిషాలకు పైగా పడుతుంది. వాట్సాప్ సందేశాలు ఎలాగో పోతాయి గానీ, బొమ్మలూ స్క్రిప్టులూ నిండిన నేటి వెబ్‌సైట్లు సగం తెరుచుకొని సమయం మించిపోయిందని ఆగిపోతాయి. చాలా ప్లాన్లలో కొత్త కోటా అర్ధరాత్రి 12 తర్వాత వస్తుంది. అంతవరకు ఆగలేని పని అయితే డేటా యాడ్‌ఆన్ ప్యాక్ వేసుకోవడమే దారి.

ల్యాప్‌టాప్‌లో నా హాట్‌స్పాట్ పేరే కనిపించడం లేదు.

తొంభై శాతం సందర్భాల్లో ఇది బ్యాండ్ (వైఫై వాడే తరంగాల శ్రేణి) సమస్య అని చెప్పలేము గానీ, మొదట చూడాల్సింది మాత్రం అదే. కొత్త ఫోన్లు హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఇవ్వగలవు. పాత ల్యాప్‌టాప్‌లు, చవక ట్యాబ్‌లు, ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌ను మాత్రమే చూడగలవు. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ను 2.4కు మార్చండి; కొన్ని ఫోన్లలో దీన్ని 'ఎక్స్‌టెండ్ కంపాటిబిలిటీ' అంటారు. ఐఫోన్ 12, ఆ తరువాతి వాటిలో 'మాక్సిమైజ్ కంపాటిబిలిటీ'ని ఆన్ చేయాలి. ఈ 5 గిగాహెర్ట్జ్ వైఫైకీ సిమ్‌లోని 5జీకీ ఏ సంబంధమూ లేదు; 2.4కు మార్చినంత మాత్రాన మీ 5జీ పోదు.

పేరు కనిపించి పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతుంటే, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో భద్రత (పాస్‌వర్డ్ రక్షణ పద్ధతి) డబ్ల్యూపీఏ 3లో ఉందేమో చూసి డబ్ల్యూపీఏ 2కు మార్చి ప్రయత్నించండి. అలాగే ఎవరూ కనెక్ట్ కాకపోతే పది నిమిషాలకు హాట్‌స్పాట్‌ను ఆపేసే ఆప్షన్ కొన్ని ఫోన్లలో మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది.

కనెక్ట్ అయ్యింది, కానీ 'నో ఇంటర్నెట్' అని వస్తోంది.

ముందు వైఫై ఆపి ఫోన్‌లోనే మొబైల్ డేటాతో ఒక పేజీ తెరిచి చూడండి. అది తెరుచుకోకపోతే తప్పు హాట్‌స్పాట్‌ది కాదు. రెండు సిమ్‌ల ఫోన్ అయితే డేటా ఉన్న సిమ్‌నే ఎంచుకున్నారో లేదో చూడండి. ఫోన్‌లో బాగానే వచ్చి ల్యాప్‌టాప్‌లో రాకపోతే, ఫోన్‌లోని డేటా సేవర్‌ను ఆపండి. ఆండ్రాయిడ్‌లో అది ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్ పనిచేయదు. ల్యాప్‌టాప్‌లో ఆఫీసు వాళ్లు పెట్టిన వీపీఎన్‌నో, ప్రాక్సీనో (ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ మీదుగా నడిపించేవి) కాసేపు ఆపి చూడండి. అప్పటికీ రాకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ నేమ్స్ పేజీని డిఫాల్ట్‌కు రీసెట్ చేసి ఫోన్‌ను రీస్టార్ట్ చేయండి. విదేశంలో కొన్న ఫోన్లకు ఇక్కడి సిమ్ వేసినప్పుడు ఈ చివరి ఉపాయం చాలాసార్లు పనిచేస్తుంది.

మా డెస్క్‌టాప్‌కు వైఫై లేదు. దానికి ఫోన్ నెట్ ఎలా ఇవ్వాలి?

కేబుల్‌తో ఇవ్వవచ్చు. ఫోన్‌ను సీపీయూ వెనుకవైపు యూఎస్‌బీ పోర్టుకు కలిపాకనే ఫోన్‌లోని 'యూఎస్‌బీ టెథరింగ్' బటన్ పనిచేస్తుంది; కేబుల్ లేనప్పుడు అది మసకగా ఉంటుంది. ఆన్ చేసిన కొద్ది సెకన్లలో విండోస్ దాన్ని ఒక కొత్త నెట్‌వర్క్ కార్డుగా గుర్తిస్తుంది. చార్జింగ్ గుర్తు వచ్చినా బటన్ మసకగానే ఉంటే కేబుల్‌ను అనుమానించండి: పవర్‌బ్యాంకులతో, చవక చార్జర్లతో వచ్చే కేబుళ్లు కొన్నింటిలో విద్యుత్ తీగలే తప్ప డేటా తీగలు ఉండవు.

దీనిలో ఇంకో లాభం కూడా ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉన్నప్పుడు యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, సాధారణంగా ఆ వైఫై ఇంటర్నెట్టే కంప్యూటర్‌కు అందుతుంది. అంటే మూలపడిన పాత ఫోన్, సిమ్ లేకపోయినా, డెస్క్‌టాప్‌కు వైఫై డాంగిల్‌గా పనికొస్తుంది. ఐఫోన్‌తో ఇది కుదరదు. అది సిమ్ డేటానే పంచుతుంది. ఐఫోన్‌ను విండోస్‌కు కేబుల్‌తో కలపాలంటే కంప్యూటర్‌లో ముందుగా ఐట్యూన్స్ లేదా ఆపిల్ డివైజెస్ యాప్ ఉండాలి, ఫోన్‌లో వచ్చే 'ట్రస్ట్'ను నొక్కాలి. మ్యాక్‌కు చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల యూఎస్‌బీ టెథరింగ్ అర్థం కాదు, అక్కడ వైఫై హాట్‌స్పాటే మార్గం.

కాల్ వచ్చినప్పుడల్లా ల్యాప్‌టాప్‌లో నెట్ ఆగిపోతోంది.

డేటా ఇస్తున్న సిమ్‌లో వోల్టీ (కాల్స్‌ను 4జీ మీదే నడిపే పద్ధతి) ఆన్‌లో లేకపోతే కాల్ కోసం ఫోన్ పాత నెట్‌వర్క్‌కు దిగిపోతుంది, అందుకే నెట్ ఆగుతుంది. వోల్టీ ఉన్నా, కాల్ రెండో సిమ్‌కు వస్తే చాలా ఫోన్లు మొదటి సిమ్ డేటాను ఆ కాసేపు నిలిపేస్తాయి. సిమ్ సెట్టింగ్స్‌లో 'డేటా డ్యూరింగ్ కాల్స్' వంటి ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. ఇంటర్వ్యూ, ఆన్‌లైన్ పరీక్ష వంటివి ఉన్నప్పుడు రెండో సిమ్‌ను తాత్కాలికంగా ఆపేయడమే క్షేమం.

వేగం చాలా తక్కువగా ఉంది. ఏమి చేయవచ్చు?

ఫోన్‌కు సిగ్నల్ ఎక్కడ బాగా అందుతుందో అక్కడ ఫోన్‌ను పెట్టి, ల్యాప్‌టాప్‌ను దాని దగ్గరికి తెచ్చుకోండి. మనవాళ్లు చేసేది దీనికి తలకిందులు: ల్యాప్‌టాప్ ఉన్న లోపలి గదిలోకి ఫోన్‌ను తీసుకెళ్లి, దాని పక్కనే పెట్టుకుంటారు. స్లాబు ఇళ్లలో లోపలి గదులకు టవర్ సిగ్నల్ సగం కూడా రాదు. ఫోన్‌ను టవర్ వైపున్న కిటికీ దగ్గర ఉంచి, మీరు నాలుగైదు మీటర్ల దూరంలో కూర్చున్నా వైఫైకి ఇబ్బంది ఉండదు. టవర్‌కూ ఫోన్‌కూ మధ్య దారే కష్టమైనది, ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్యది కాదు. అయితే ఆ కిటికీలో ఎండ పడకుండా చూసుకోవాలి. హాట్‌స్పాట్ నడుస్తున్న ఫోన్ ఎలాగూ వేడెక్కుతుంది, దానికి చార్జింగూ, మే నెల ఎండా తోడైతే వేగాన్ని తగ్గించుకొని, చివరికి హాట్‌స్పాట్‌నే ఆపేస్తుంది. పౌచ్ తీసి ఉంచడం చిన్న పనే గానీ తేడా తెలుస్తుంది.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లను హాట్‌స్పాట్ మీద పెట్టవచ్చా?

పెట్టవచ్చు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వంటి వాటికి కావలసింది ఎక్కువ డేటా కాదు, తెగని కనెక్షన్. వందకు పైగా కాలేజీలను వరుసలో పెట్టి సేవ్ చేసే సమయంలో నెట్ తెగితే సెషన్ పోయి, మళ్లీ లాగిన్ కావలసి వస్తుంది. కాబట్టి కేబుల్‌తో కలిపి, మధ్యమధ్యలో సేవ్ చేస్తూ ఉండండి. ఓటీపీ వచ్చే సిమ్ హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌లోనే ఉంటే ఎస్ఎంఎస్ రావడానికి అడ్డేమీ లేదు. చివరి రోజు రాత్రి సైటు నెమ్మదించినప్పుడు మాత్రం సమస్య మీ ఫోన్‌ది కాకపోవచ్చు.

పాస్‌వర్డ్ లేకుండా వదిలేస్తే ఏమవుతుంది?

డేటా పోవడం అందులో చిన్న నష్టం. మీ హాట్‌స్పాట్ నుంచి ఎవరేమి చేసినా బయటికి అది మీ పేరున ఉన్న సిమ్ నుంచి జరిగినట్టే కనిపిస్తుంది. పోలీసులు ఒక ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబరు) వెంట వస్తే మొదట చేరేది సిమ్ ఎవరి పేరున ఉందో వారి దగ్గరికే. కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలన్నది వైఫై నియమం. పన్నెండు పెట్టుకోండి, ఫోన్ నంబరును, పుట్టిన తేదీని మాత్రం పెట్టవద్దు. రైల్లోనో, హాస్టల్లోనో ఎవరికైనా ఇవ్వవలసి వస్తే పని అయ్యాక పాస్‌వర్డ్ మార్చేయండి, లేకపోతే వారి ఫోన్ మీ హాట్‌స్పాట్ కనిపించిన ప్రతిసారీ తనంతట తాను కలుస్తుంది.

ఫోన్‌లో వీపీఎన్ ఉంటే ల్యాప్‌టాప్‌కు కూడా అది వర్తిస్తుందా?

సాధారణంగా వర్తించదు. ల్యాప్‌టాప్‌లో విడిగా పెట్టుకోవాలి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి తన 'అన్‌లిమిటెడ్' ప్లాన్‌లో హాట్‌స్పాట్ అయిపోయిందంటున్నాడు. అది ఎలా?

అక్కడి చాలా ప్లాన్లలో ఫోన్‌లో వాడే డేటాకు పరిమితి లేకపోయినా, హాట్‌స్పాట్‌కు మాత్రం నెలకు ఇన్ని జీబీలని విడిగా కోటా ఉంటుంది; అది దాటితే హాట్‌స్పాట్ వేగం పడిపోతుంది, ఫోన్‌లో మాత్రం మామూలుగానే వస్తుంది. మీరు ఇక్కడి సిమ్‌తో అక్కడికి వెళ్లి అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ మీద ఉన్నప్పుడైతే ల్యాప్‌టాప్‌ను కలపకపోవడమే మంచిది, ఎందుకంటే ఆ ప్యాక్‌లోని డేటాను ఒక్క విండోస్ అప్‌డేట్ ఖాళీ చేయగలదు.

హాట్‌స్పాట్‌తోనే సర్దుకోవాలా, బ్రాడ్‌బ్యాండ్ తీసుకోవాలా?

రోజుకు రెండు గంటలకు మించి వీడియో క్లాసులుంటే, లేదా ఇంట్లో ఇద్దరు ఇంటి నుంచే పని చేస్తుంటే ఫైబర్ కనెక్షనే చవక. తరచుగా డేటా యాడ్‌ఆన్‌లు వేసుకుంటున్నవారు ఒక నెల ఆ ఖర్చును కూడి చూసుకుంటే చాలు. ఫైబర్ తీగ రాని ఊళ్లలో 5జీ సిగ్నల్ బాగుంటే, టెలికాం సంస్థలు తీగ లేకుండా ఇంటికి ఇస్తున్న ఎయిర్‌ఫైబర్ కనెక్షన్ గురించి కనుక్కోవచ్చు. ఫైబర్ తీసుకున్నాక కూడా ల్యాప్‌టాప్‌లో మీ హాట్‌స్పాట్‌కు పెట్టిన మీటర్డ్ గుర్తును తీసేయకండి. కరెంటు పోయి రౌటర్ ఆగినప్పుడు, ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంటే ల్యాప్‌టాప్ మిమ్మల్ని అడగకుండానే దానికి మారిపోతుంది, అప్పటిదాకా ఫైబర్ మీద దిగుతున్న డౌన్‌లోడ్ మీ సిమ్ మీద కొనసాగుతుంది.